చెత్త తొట్టి సాక్ష్యం

బొగ్గు ఓడలో వంటాయనకు రెండే వ్యసనాలు: వాగడం, పిట్టలను మేపడం. ఇరవై ఏళ్ళుగా ఆయన తొక్కలూ ఎంగిలి ముక్కలూ సముద్రంలోకి విసురుతుంటే తెల్లటి పిట్టల మంద ఓడ వెనకే పడి వచ్చేది. యుద్ధం వచ్చి ఆ ముచ్చట కాస్తా ముగిసింది. తేలే తొక్కల జాడ పట్టుకుని జలాంతర్గాములు వస్తాయనీ, పగటిపూట ఏమీ పారబోయకూడదనీ కెప్టెన్ హుకుం. ఒకసారి మరిచిపోయి పారబోసినందుకు వంటాయనకు అందరి ముందూ తలంటాడు కూడా. అప్పటినుంచి చెత్తంతా తొట్టిలోకే. పిట్టలు అలిగి వెళ్ళిపోయాయి.

పైగా ఈ ప్రయాణంలో ఆయన గుండెల మీద ఇంకో కుంపటి. చెల్లెలి మొగుడు కొత్తగా బాయిలర్ గదిలో చేరాడు. "ఆయన్ని నీ చేతుల్లో పెడుతున్నా అన్నయ్యా" అని చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ మరీ అప్పజెప్పింది. టార్పెడో తగిలితే ముందు పోయేది అడుగునున్న ఆ గదే.

ఆ మధ్యాహ్నం బాయిలర్ గదికి టీ పంపి డెక్ మీదికొచ్చిన వంటాయన ఠక్కున ఆగిపోయాడు. కుడివైపు ఖాళీ నీళ్ళ మీద పిట్టలు గిరగిరా తిరుగుతున్నాయి. అక్కడ పడవ లేదు, వల లేదు. అయినా ఆ మంద కదులుతోంది, అదీ ఓడకేసి!

"కెప్టెన్ గారూ! పిట్టలు! సబ్‌మెరీనండీ!"

కెప్టెన్ కళ్ళెర్రజేశాడు. "మళ్ళీ పారబోశావా? నీ తొక్కలకే చేరుంటాయి."

వంటాయన ఒక్క పరుగున వెళ్ళి తొట్టి ఎత్తుకొచ్చి కెప్టెన్ బూట్ల మీద బోర్లించేశాడు. పొద్దుటి తొక్కలన్నీ అక్కడే కుప్ప పడ్డాయి.

"చూడండి! ఒక్కటి కూడా నీళ్ళల్లో పడలా. మరి వాటికి అక్కడ మేతేంటి? నీళ్ళల్లో ఏది కదిలినా తిండి పెడుతుందని వాటికి అలవాటు చేసిందే నేను, నాకు తెలీదా? బాబ్బాబు, తిప్పండి!"

కెప్టెన్ తొక్కలకేసి చూశాడు, పిట్టలకేసి చూశాడు. అంతే, చుక్కాని గిర్రున తిరిగింది. ఓడ మూలుగుతూ ఎడమవైపు కనిపిస్తున్న ఒడ్డుకేసి ఒరిగింది. తెల్లటి నురుగు గీత ఒకటి రయ్యిమంటూ ఓడ వెనక బారెడు దూరంలో దూసుకుపోయింది. తప్పింది! డెక్ అంతా కేకలూ ఈలలూ. జలాంతర్గామి రాలేని లోతు తక్కువ నీళ్ళలోకి చేరేదాకా ఓడ ఆగలేదు.

అప్పుడు పైకొచ్చాడు చెల్లెలి మొగుడు, ఒళ్ళంతా బొగ్గుమసితో, చేతిలో ఖాళీ కప్పుతో. పైన ఏం జరిగిందో అతనికి ఆవగింజంతైనా తెలియదు.

"ఏంటి బావా, ఓడని అలా తిప్పిందెవరు? నువ్వు పంపిన టీ అంతా ఒలికిపోయింది!"

వంటాయన ఒక్క అంగలో ముందుకొచ్చాడు. ఆ మసి మనిషిని గట్టిగా వాటేసుకుని భోరుమన్నాడు. కెప్టెన్ తొక్కలంటిన బూట్లతోనే వంటగదిలోకి వెళ్ళి, తన చేత్తో ఇంకో కప్పు టీ పోసి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.