జేజి దాచిన దెబ్బ

మా నాయనమ్మ పద్మావతిని జేజి అనే పిలుస్తాం. మోకాళ్ల నొప్పులంటూ గొర్రెల దొడ్డి దాకా కూడా నడవదు. టీవీలో కుస్తీ గేమ్‌కు మాత్రం నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకొని గంటలకొద్దీ కూర్చుంటుంది. అరచేతిలో పట్టే చవక కంప్యూటర్ బోర్డులో, పాత ఆటలను నడిపించే ఎమ్యులేటర్ ఎక్కించి, పాత టీవీ గేమ్‌లు పెట్టించుకుంది. కొత్తకోడలుగా ప్రొద్దుటూరు వచ్చినప్పుడు మరిది సురేంద్ర, "నీకు చేతగాదులే వదినా" అని అందరి ముందూ గేమ్ రిమోట్ లాక్కున్నాడట. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట ఆమెకు అరగలేదు. ఎమ్యులేటర్‌లో ఆటను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు. జేజి, ఎదుటి మల్లుడు ఇంకొక్క దెబ్బకు పడిపోయేచోట దాచింది. ఆదివారం వచ్చిన సురేంద్రకు ఆ మల్లుణ్ణే ఆడమని ఇచ్చింది. అతను తొమ్మిదిసార్లు ఓడాడు.

"ఏంది వదినా ఇది? మొదట్నించి ఆడదాం!"

"మొదట్నించి ఆడితే నువ్వే గెలుస్తావప్పా" అంటూ జేజి పదోసారి అదే చోట ఆట తెరిచింది.