అన్నయ్య బండికి స్నానం

ఈ ఉదయం వసారాలో ముక్కాలిపీట వేసుకుని నేను అన్నయ్య బుల్లి మోటారుబండి సీటు కింది గొట్టాన్ని ఉప్పుకాగితంతో రుద్దుతూంటే, రంగు ఊడి, దాని వెనక తుప్పు ఊడి, ఆ వెనక ఇనుము ఉండవలసిన చోట ఏమీ లేక నా బొటనవేలు లోపలికి దిగిపోయింది. వేలు బయటికి తీస్తే గోధుమరంగు పొడి, అప్పడం ముక్కల్లాంటి రేకు పెచ్చులు వచ్చాయి. ఇంజను పట్టేసిన సంగతి ముందే తెలుసు. నూనెలో నానబెట్టాను, కొయ్యసుత్తితో తట్టాను, విజయనగరం పాతసామాన్ల కొట్లన్నీ గాలించాను, అయినా ఎక్కడో చిన్న ఆశ ఉండేది. ఇవాళ అదీ పోయింది.

ఆ రకం బండిని మన వయసు వాళ్ళు కొందరైనా చూసే ఉంటారు. పిల్లల సైకిలుకుండేటంత చక్రాలు, ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేటంత ఎత్తు. సర్కసు ఎలుగుబంటి వస్తోందని ఊరంతా నవ్వినా అన్నయ్య లెక్కచేసేవాడు కాదు, ఎందుకంటే అతను నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో మేస్త్రీ, మడికీ మడికీ మధ్యనున్న ఆ సన్నటి గట్ల మీద పెద్దబండి ఏదైనా తిరగబోతే తిన్నగా ఉప్పునీళ్ళలోకే వెళుతుంది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా నేను వెనక కూర్చుని, ఎండకి కళ్ళు చెదిరే ఆ తెల్లటి రాశుల మధ్య, రాజుగారి తమ్ముణ్ణయినట్టు తిరిగేవాణ్ణి.

అక్కడ ఏ నుయ్యి తవ్వినా ఉప్పునీళ్ళే పడేవి. అంట్లకీ బట్టలకీ ఇంటి నుయ్యి, తాగడానికీ వంటకీ మాత్రం దూరాన ఒక పొలంలోని మంచినీళ్ళ నుయ్యి. తెల్లవారగానే అన్నయ్య రెండు డబ్బాలు బండికి అటూ ఇటూ కట్టుకుని వెళ్ళి నీళ్ళు తెచ్చేవాడు. తిరిగి వస్తున్న బండి చప్పుడు గట్ల మీదుగా చాలా దూరం నుంచే వినబడేది, అది వినబడగానే వదిన పొయ్యి రాజేసేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడకి తెల్లవారడమంటే ఆ చప్పుడే.

బండి విషయంలో అన్నయ్యకి ఒకటే పట్టింపు. దాని మీద నీటిచుక్క పడనిచ్చేవాడు కాదు. సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆ పైన నూనెగుడ్డతో తుడిచి గోనె కప్పేవాడు. ఎందుకని అడిగితే చెప్పే మనిషి కాదు, మాటలకి మహా పిసినారి. జ్వరంతో కన్నుమూసిన రోజున కూడా ఎవరికీ ఏమీ చెప్పకుండానే పోయాడు.

పిల్లలు లేరు. రమ్మంటే రాక, వదిన ఆ ఇంట్లోనే ఏళ్ళూ పూళ్ళూ గడిపి, ఒక చెవి పూర్తిగా పోయాక మాత్రం ఆమదాలవలసలో మా ఇంటికి వచ్చింది. రెండోది కూడా ఎంతోకాలం ఆగదని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. సామానంతా ఒక ట్రంకుపెట్టెలో పట్టింది గానీ, వెనకాల ఆటోలో ఈ బండి కూడా దిగింది. దిగిన రోజునే నా చెయ్యి పట్టుకుంది.

“బాబూ, ఈ సెవి కూడా పోకముందే ఒక్కపాలి మీ అన్న బండి సప్పుడు ఇనిపించీ. ఇంకేటీ అడగను.”

రైల్వేలో గుమాస్తాగిరీ చేసినవాడికి బండి బాగుచెయ్యడమేమిటని మా ఆవిడ దెప్పుతూనే ఉంది. ఇదేరకం బండి ఇంకొకటి ఎక్కడైనా దొరికితే దాన్నే మోగించి, ఇదే అనేద్దామన్న పాపపు ఆలోచన కూడా రాకపోలేదు. అదీ దొరకలేదు.

ఇవాళ వేలు దిగిన చోటు చూస్తూ, ఉప్పుగాలి తినేసింది వదినా అని ఆవిడ మంచి చెవి దగ్గర గట్టిగా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

“గాలేటి సేస్తాది? మీ అన్న పోయినకాడ్నించి సుక్కురారం సుక్కురారం నానే కదేటి తానం సేయించినాను. నూతినీళ్ళు కుండలతో తోడి, సీటు తీసి, బొక్కల్లోకంటా పోసీదాన్ని. పసుపు రాసి బొట్టెట్టీదాన్ని. మీ అన్న బతికున్నప్పుడు నీళ్ళు ముట్టనిచ్చీవోడు కాదు. తోడితే నా నడుం నొప్పెడతాదని. నోటితో సెప్పీవోడు కాదు గానీ, నాకు తెల్దేటి?”

తన నుదుట బొట్టు మానేసిన మనిషి, బండికి మాత్రం మానలేదన్నమాట. మంచినీళ్ళు గొంతు తడుపుకోడానికే సరిపోని ఊళ్ళో బండి మీద పోయడానికి ఇంటి నూతి నీళ్ళు కాక ఇంకేముంటాయి? తియ్యటి నీళ్ళు మోసుకొచ్చి ఇల్లు నిలబెట్టిన బండిలోకి వారం వారం, భక్తితో, ఉప్పునీళ్ళు పోసింది. అన్నయ్య దాని మీద నీటిచుక్క పడనివ్వనిది ఈ తుప్పు భయంతోనే. ఈ మాట ఆవిడకి చెబితే పోయేది బండి ఒక్కటే కాదు. మాటలు రాని మొగుడు తనని ఎంత ప్రేమించాడో చెప్పడానికి ఆవిడ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. విజయనగరం నుంచి ఒక సామాను రావాలి, వచ్చాక మోగుతుందని చెప్పాను. ఆ సామాను రాదు. ఆ చెవి ఆగదు.

శుక్రవారం కదా, కాసేపటికి వదిన బకెట్టుతో వసారాలోకి వచ్చింది. ఒకప్పుడు మైళ్ళు పోయి తెచ్చుకున్నటువంటి నీళ్ళు ఇప్పుడు మా పెరట్లో కుళాయి తిప్పితే వస్తున్నాయి. మా మనవలు వాటితో ఆడుకుని పారబోస్తారు, కసిరినా వినరు. ఆవిడ చీరకొంగు దోపుకుని, ఉన్న పెచ్చులు కూడా రాలిపోతుంటే చూడనట్టే, చెంబుతో మెల్లగా పోస్తూ నా వైపు తిరిగింది.

“ఈ ఊరి నీళ్ళు మంచివి బాబూ. ఇకమీదట బండికి ఏటీ అవ్వదు.”

అవును వదినా అని గట్టిగానే అన్నాను. వినబడలేదు కాబోలు, మళ్ళీ చెంబు ముంచుకుంది.