మా టిప్పరెక్కిన కోడిపెట్ట

మా చిన్నప్పుడు... బళ్లారి పక్కన మా ఊరు కప్పగల్లులో మా నాయన మిరప చేనుకు నీళ్లు కట్టేటప్పుడు పంచె ఎగ్గట్టి, పైన ఒక నల్ల టీషర్టు వేసుకునేవాడు. దాని వీపు మీద రెక్కలు విప్పిన గద్ద. రెక్కల చివర ఈకలు కావు... మంటలు. కింద చెట్టు వేర్లలా మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు.

బళ్లారి కౌల్ బజార్‌లో గుట్టగా పోసి అమ్మే పాత బట్టల్లోంచి అమ్మ ఏరుకొచ్చింది. గుడ్డ గట్టిగా ఉంది, చేనులోకి పనికొస్తుందని. అది ఏదో విదేశీ రాక్ బ్యాండు టీషర్టు అని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసింది కూడా కాలేజీలో చేరాకే!

గట్టు మీద నాయన వెనకాలే నడుస్తూ ఆ గద్దనే చూసేదాన్ని. ఉతికి దండెం మీద ఆరేస్తే దాని ముందు పీట వేసుకుని కూర్చుని నోటుపుస్తకంలో గీసేదాన్ని. గీత ఎక్కడ లావుగా మొదలవుతుంది, ఎక్కడ వెంట్రుకలా సన్నబడుతుంది... గుడ్డ మీద వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఒక్క రెక్క కుదరడానికే వారం పట్టింది. ఆ బొమ్మ వేసిన మనిషెవరో, ఏ దేశమో తెలియదు. నాకు బొమ్మలు నేర్పిన మొదటి గురువు మాత్రం ఆ మనిషే.

అవి ఇనుప గనుల రోజులు. దారంతా ఎర్ర దుమ్ము, దుమ్ము నిండా లారీలు. ఊళ్లో చాలామంది రైతుల్లాగే నాయన కూడా ఖనిజం తోలే టిప్పరు లారీ ఒకటి కొన్నాడు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. కొత్త బండికి వెనక తలుపు మీద బొమ్మ వేయించాలి కదా... అందరి బండ్ల మీదా పులో, గద్దో. నాయన నా నోటుపుస్తకం తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని, కౌల్ బజార్‌లో లారీలకు బొమ్మలేసే ఖాజా సాబ్ దగ్గరికి వెళ్లాడు.

ఖాజా సాబ్ నా గద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేయి బాగుండాది బేటీ. యాడ చూసి గీసినావు?"

"నాయన టీషర్టు మీద."

"అయితే ఇది ఆ గీసినోడి గద్ద. నువ్వు ఎప్పుడన్నా గద్ద కోపం చూసినావా?"

"లేదు."

"మరి కోపంతో రెక్కలిప్పింది ఏది చూసినావో అది గీసుకోని రా. గీత ఎట్ల తిప్పాలో ఆయన కాడ నేర్చుకో, తప్పు లేదు. బొమ్మ మాత్రం నీది ఉండాల."

ఏడుపొచ్చింది నాకు. ఎన్ని రోజుల కష్టం! ఇంటికొచ్చి పుస్తకం మంచం కిందికి విసిరేశాను. రెండు రోజులు పెన్సిలు ముట్టలేదు.

మూడో రోజు పొద్దున పెరట్లోకి ఒక కుక్క వచ్చింది. మా ఎర్ర కోడిపెట్ట, పిల్లల్ని వెనక్కి నెట్టి, మెడ ఈకలు నిక్కబొడుచుకుని, రెక్కలు విసనకర్రల్లా విప్పి దాని మీదికి లేచింది. కుక్క గోడ దూకి పారిపోయింది... పెట్ట ధైర్యం మాకు కొత్త కాదు. టిప్పరు మొదటిసారి మా వాకిట్లోకి వచ్చిన రోజున టిప్పరు మీదికే ఎగిరింది!

అక్కడే కూర్చుని గీశాను. గద్ద రెక్కల చివర మంటలుండేవి కదా... నా పెట్ట రెక్కల చివర గనుల దారిలో లేచే ఎర్ర దుమ్ము సుళ్లు తిరిగింది. కాళ్ల మధ్య ఐదు పిల్లలు. కింద నాయన పేరు, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, గోళ్లలా వంగిన అక్షరాలతో.

మళ్లీ నాయనతో వెళ్లి చూపిస్తే, ఖాజా సాబ్ బొమ్మను వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు.

ఒప్పుకోనిది నాయనే.

"కోడిపెట్టనా? గని కాడ లైన్లో నిలబడితే అందరూ నవ్వుతారప్పా! పులి గీయి, పులి."

"బండి నీది గోవిందప్పా, ఏదంటే అది గీస్తా. ఒక మాట పాపనడుగు," అన్నాడు ఖాజా సాబ్.

నాయనకు ఎదురు మాట్లాడటం నాకు అదే మొదలు.

"నాయనా, ఆ పొద్దు మన వాకిట్లో బండీ పెట్టా ఎదురెదురుగా నిలబడితే, ఎనక్కి పోయింది ఏది?"

నాయన నన్ను చూశాడు. బొమ్మను చూశాడు. మీసాల కింద నవ్వు ఆగలేదు.

"బండే కదమ్మా... డ్రైవరుకు చెప్పి నేనే ఎనక్కి తీయిస్తిని. రాక్షసి అది!" అని ఖాజా సాబ్ వైపు తిరిగాడు. "గీయప్పా. నవ్వితే నవ్వనీ."

రెండు రోజులు ఖాజా సాబ్ పక్కనే ఉన్నాను. సన్న గీతలన్నీ నా చేతే వేయించాడు. కన్ను కూడా నన్నే పెట్టమన్నాడు.

నవ్వారు, నిజమే. పది రోజులు నవ్వారు. తర్వాత గనుల దారంతా దాని పేరు 'కోడి లారీ' అయిపోయింది. నవ్వుతారని భయపడిన మనిషే ఫోనులో "నేనప్పా, కోడి గోవిందప్పని" అని చెప్పుకునేవాడు! మాకూ కోడి వేయమని ఇద్దరు ముగ్గురు వస్తే ఖాజా సాబ్ వేయలేదు. "అది ఆ పాప కోడి. మీ ఇంట్లో ఏముండాదో చెప్పండి," అనేవాడట. ఒకాయన చివరికి తన బర్రెను వేయించుకున్నాడు.

ఇప్పుడు బెంగళూరులో డిజైన్ పని నాది. పుస్తకాల అట్టలు, పోస్టర్లు, కుర్ర బ్యాండ్లకు టీషర్టులు కూడా. ఏ పని వచ్చినా ముందు ఇతరుల బొమ్మలు తనివితీరా చూస్తాను. సిగ్గేమీ లేదు. గీత చూస్తాను, అక్షరం వంపు చూస్తాను, ఎక్కడ ఖాళీ వదిలారో చూస్తాను. తర్వాత అన్నీ మూసేసి, నేను కళ్లారా చూసినదాన్ని గీస్తాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గీయడానికి ఏమీ లేకుండా పోలేదు.

గనులు ఆగాక టిప్పరు అమ్మేశాం. ఖాజా సాబ్ ఇప్పుడు లేరు. మొన్న బళ్లారి వెళ్తే లారీల వెనక అన్నీ కంప్యూటరు స్టిక్కర్లే... రంగు వెలిసిపోదు, గీత చెదరదు, పది బండ్ల మీద ఒకటే పులి. దూరం నుంచి చూసి ఇది ఫలానా వాళ్ల బండి అని చెప్పడం మాత్రం ఇప్పుడు ఎవరి వల్లా కాదు.

మీ ఊళ్లో గోడ మీదో, బండి మీదో, అంగడి బోర్డు మీదో చేత్తో వేసిన బొమ్మ ఒకటి మీ కళ్లలో ఇంకా ఉండే ఉంటుంది. అదేమిటో కింద రాయండి... వేసినవాళ్ల పేరు తెలిస్తే అదీ రాయండి. వాళ్ల పేర్లు ఇంకెక్కడా రాసి లేవు.