నెయ్యి జాడీ

దుర్గాంబ వస్తుంటే ముందు ఆయాసం వినపడేది, తర్వాత గాజులు. డాక్టరు రాసిచ్చిన ఒళ్లు తగ్గే మాత్రలు నందిగామలో కొంటే ఎవరైనా చూస్తారని, బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లేది. మందుల షాపులో కొంగు భుజాల చుట్టూ లాక్కుంటూ "మా చెల్లెలికండీ" అనేది. ఇంట్లో డబ్బు అడగలేక, వెన్న కాచినప్పుడల్లా గ్లాసెడు నెయ్యి దాచి, అక్కడి హోటల్లో అమ్మి మాత్రలు కొనుక్కునేది. తను మాత్రం మజ్జిగన్నం దాటేది కాదు.

ఒకరోజు భోజనాల దగ్గర అత్తగారు జాడీలోకి తొంగిచూసింది. "ఏమే, సగమైంది! పిల్లి తాగిందా, నువ్వు తాగావా?"

"వదిన్ని చూస్తే తెలియట్లా?" అని మరిది ఫక్కున నవ్వాడు.

కొంగున ముడేసిన మాత్రల పొట్లాన్ని దుర్గాంబ గుప్పిట్లో బిగించింది.

"ఆకలికి ఆగలేక నేనే తిన్నా అత్తయ్యా," అంది తలొంచుకుని.