తాటిచెట్టు వైపు ఒరిగిన పడవ

నేను బొల్లారం చేరింది జూన్ నెలలో, మధ్యాహ్నం రెండింటికి. ఎండ ఇంకా తగ్గలేదు. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, రెండు జతల బూట్లు. మా ఇల్లు మెట్టుగూడలో. రెండేళ్ళు సరిహద్దు మంచులో కాపలా కాశాక ఇంటి పక్కకే పోస్టింగు వచ్చింది. అమ్మ ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన చేయించింది.

మాది సైన్యంలో ఇంజనీర్ల కంపెనీ. వంతెనలు కట్టడం, పడవలు నడపడం మా పని. బారక్‌ల వెనక గడ్డిలో పన్నెండు అల్యూమినియం పడవలు బోర్లించి ఉన్నాయి. చుట్టుపక్కల నది లేదు. ఆ పడవలు ఒక హవల్దార్ అధీనంలో ఉండేవి. సైన్యంలో నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటాం. ఆయన్ని అందరం అలాగే పిలిచాం. నలభై దాటిన మనిషి, వరంగల్ వైపు వాడు. బడి చదువు ఏడో తరగతి వరకే. నీళ్ళ గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలిసిన ఏ ఇంజనీరుకూ తెలియదు.

యాప్రాల్ దాటాక ఒక చెరువు ఉండేది. పొద్దున ఆరింటికి అక్కడ క్లాసు. మొదటి రోజు మమ్మల్ని వెల్లకిలా నీళ్ళమీద పడుకోమన్నాడు. నేను బిగుసుకుపోయి మునిగాను. ఆయన నా వీపు కింద రెండు వేళ్ళు పెట్టాడు.

"ఏం మెట్టుగూడా, గంత భయమేంది? నువ్వు ఎన్ని నీళ్ళను పక్కకు నెడితే అంత బరువు అది మోస్తది. గదే లెక్క. ఊపిరి బిగవట్టు."

ఊపిరి నింపాను. తేలాను. ఆయన వేళ్ళు ఎప్పుడు తీసేశాడో తెలియలేదు.

రెండో వారం తూము దగ్గర నిలబెట్టాడు. మెస్‌లో అన్నం తినే పళ్ళానికి బెజ్జం పెట్టి, రేషన్ తూచే స్ప్రింగు త్రాసుకు కట్టి తెచ్చాడు. పళ్ళాన్ని అంచు ఎదురుగా పెట్టి నీళ్ళలో దించితే త్రాసు ముల్లు కదలలేదు. అడ్డంగా తిప్పేసరికి మూడు కిలోలు చూపించింది. తూము తలుపు ఇంకాస్త ఎత్తించాడు. నీళ్ళ వేగం రెండింతలైంది. అగ్గిపుల్ల వేసి, అది పది అడుగులు పోయేలోపు అంకెలు లెక్కపెట్టి మేమే చూశాం. త్రాసు ఆరు చూపిస్తుందనుకున్నాం. పన్నెండు చూపించింది. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. పడవ కూడా ఒక పళ్ళెమే అని చెప్పి, రెండు నియమాలు నేర్పాడు. పారే నీళ్ళలో పడవను ముక్కుకే కట్టాలి, పక్కకు ఎప్పుడూ కట్టకూడదు. పడవ దేనికైనా తగులుకుంటే, అందరూ తగులుకున్న దానివైపే ఒరగాలి. రోజూ హాజరు పిలిచేటప్పుడు పేరుకు జవాబుగా "హాజర్" బదులు ఈ రెండింట్లో ఒకటి చెప్పించేవాడు. మిగతా కంపెనీల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు.

ఆగస్టులో గోదావరి పొంగింది. పొద్దున అయిదూ ఇరవైకి నాలుగు లారీల్లో పడవలతో బయలుదేరాం. సాయంత్రం నాలుగున్నరకు భద్రాచలం దిగువన ఒక గట్టు మీద ఆగాం. వాన సన్నగా పడుతోంది. నది ఎర్రగా, చప్పుడు లేకుండా పోతోంది. ఉస్తాద్ ఒక అగ్గిపుల్ల విసిరి పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పుల్లల పెట్టె జేబులో పెట్టుకుని, పడవల తాళ్ళన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ చూశాడు.

మరునాడు తెల్లారగానే మునిగిన ఊళ్ళలోని జనాన్ని గట్టుకు చేర్చడం మొదలుపెట్టాం. ఒకటో నంబరు పడవలో ముగ్గురం. వెనక మోటారు దగ్గర ఉస్తాద్. మధ్యలో వైర్‌లెస్ ఆపరేటర్. ముందు తాళ్ళు చూసేవాణ్ణి నేను. పదకొండున్నరకల్లా ఎనిమిది ట్రిప్పులు వేశాం. ఉస్తాద్ పడవను ప్రవాహానికి ఎదురుగా, కొంచెం ఏటవాలుగా నిలిపేవాడు. మోటారు దాన్ని కిందికి పోకుండా ఆపేది, నీళ్ళే పక్కకు నెట్టి తీసుకెళ్ళేవి. అవతలి గట్టు తానే నడిచి మా దగ్గరికి వస్తున్నట్టుండేది.

తొమ్మిదో ట్రిప్పు ఒక బడి డాబాకు. ఆరుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, ఒక చంటిపిల్ల. నీళ్ళు డాబా అంచుకు జానెడు కింద ఉన్నాయి. ముక్కు తాడును జెండా కొయ్యకు కట్టాను. కానీ పడవ వెనక భాగం డాబా నుంచి దూరంగా ఊగుతోంది. ముసలాయన కాలు పెట్టబోయి రెండుసార్లు వెనక్కి తగ్గాడు.

ఇక్కడి నుంచి, ఇన్నేళ్ళూ మెట్టుగూడలో నేను చెప్పిన కథ అబద్ధం. జరిగింది ఇది.

పడవ పక్క రింగుకు నేను రెండో తాడు కట్టి, దాని కొసను జెండా కొయ్యకే బిగించాను. ఎవరూ చెప్పలేదు. ఉస్తాద్ మోటారు వైపు వంగి ఉన్నాడు, చూడలేదు. పడవ డాబాకు అంటుకుని నిలిచింది. ఆరు నిమిషాల్లో ఎనిమిది మందినీ ఎక్కించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో ముక్కు తాడు ముందు విప్పాను.

పడవ గిర్రున అడ్డం తిరిగింది. నది మొత్తం దాని పక్కకు తగిలింది. పైన తాడు పట్టి లాగుతుంటే, కింద నీళ్ళు నెడుతుంటే, ఎగువ అంచు మునగడం మొదలైంది. ముడి విప్పబోయాను. తాడు ఇనుప కడ్డీలా బిగిసింది. ఉస్తాద్ ఆడవాళ్ళ మీదుగా పాక్కుంటూ వచ్చి కత్తితో ఒక్క వేటు వేశాడు.

వెంటనే అంతా నెమ్మదించింది. నీళ్ళతోపాటు కొట్టుకుపోయే పడవకు నీళ్ళ దెబ్బ తెలియదు. నాలుగైదు క్షణాలు ఎంతో హాయిగా ఉంది. మోటారు ఏదో గోడకు తగిలి ఊడిపోయింది. ముప్పై గజాల దిగువన, సగం మునిగిన తాటిచెట్టుకు పడవ అడ్డంగా గుద్దుకుని ఆగింది. నది మళ్ళీ మీద పడింది.

చెట్టును చూసి అందరూ బెదిరి ఇవతలికి, ఎగువ వైపుకు జరిగారు. నేనూ జరిగాను. అంచు మీదుగా ఎర్రనీళ్ళు లోపలికి వచ్చాయి.

"చెట్టు దిక్కు పడుండ్రి" అన్నాడు ఉస్తాద్. "అమ్మా, చెట్టును పట్టుకో. నా మీద పడు, ఏం గాదు."

తనే ముందు చెట్టును కావలించుకున్నాడు. ఆడవాళ్ళలో పెద్దావిడ ఆయన వీపు మీద పడింది. ఆమె మీద మిగతావాళ్ళు. చివర నేను, చంటిపిల్లను పట్టుకుని. ఎగువ అంచు నీళ్ళలోంచి మెల్లగా పైకి లేచింది. నీళ్ళు పడవ కింది నుంచి పోసాగాయి.

ఆపరేటర్ పడుకునే వైర్‌లెస్‌లో మాట్లాడాడు.

"గట్టు, గట్టు, ఒకటో పడవ. మోటారు పోయింది. తాటిచెట్టుకు ఆగినం. ఓవర్."

"ఎంతమంది? ఓవర్."

"పదకొండు. అందరం ఒరిగి ఉన్నం. ఓవర్."

"ఒరిగి ఉన్నం అంటే ఏందిరా? ఓవర్."

"తర్వాత చెప్తా. జల్దీ రండి. ఓవర్."

రెండో పడవ రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కరూ చావలేదు. ఉస్తాద్ ఎడమ మోచెయ్యి చెట్టుకూ పడవ అంచుకూ మధ్య నలిగింది. అంతసేపూ ఆయన ముసలాయన్ని ఏ ఊళ్ళో పిల్లనిచ్చాడో అడుగుతూనే ఉన్నాడు.

సెప్టెంబరులో బొల్లారం తిరిగి వచ్చాం. పోయిన మోటారు మీద విచారణ. ముగ్గురు ఆఫీసర్లు, పొడవాటి బల్ల. దాని మీద తెగిన తాడు ముక్క, పక్క రింగుకు నేను వేసిన ముడితో సహా. ఎవరు కట్టారని అడిగారు. ఉస్తాద్ చెయ్యి కట్టులో ఉంది. నావైపు చూడలేదు.

"నా హుకుం సాబ్. పడవ నాది" అన్నాడు.

నేనేమైనా కలపాలా అని పెద్ద ఆఫీసరు నన్ను అడిగాడు. "లేదు సర్" అన్నాను. రెండే మాటలు.

ఆయనకు రావలసిన ప్రమోషను ఆగిపోయింది. మోచెయ్యి మళ్ళీ చాపలేకపోయాడు. హవల్దారుగానే రిటైరయ్యాడు. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మా చర్చిలో శాలువా కప్పారు. తాడు ఉస్తాద్ కట్టాడని, కోసింది నేనని ఆ రోజు మైకులో చెప్పాను. ఆ తర్వాత అడిగిన ప్రతివాళ్ళకూ అదే చెప్పాను. నా పిల్లలకూ అదే.

నాకిప్పుడు యాభై రెండు. మొన్న ఉస్తాద్ స్థిరపడ్డ యాప్రాల్ వెళ్ళాను. ఆయన ఇల్లు చిన్నది. ముందు కుళాయి కింద బకెట్టు నిండుతోంది. అంతా చెప్పి, రాసి ఇస్తానన్నాను. చర్చిలోనూ చదువుతానన్నాను. ఆయన వంగిన చేత్తోనే టీ కప్పు నావైపు జరిపాడు.

"నాకు ఎరుకే గద, నువ్వే కట్టినవని. నీ ముడి నేను గుర్తుపట్టనా?" అన్నాడు. లేచి కుళాయి కట్టేసి వచ్చి, "రాస్తె రాయి. గా పళ్ళెం సంగతి సుత రాయి. సదివినోళ్ళకు జెర అక్కెరకొస్తది" అన్నాడు.

రాశాను.

పెద్ద ఆఫీసరు ప్రశ్న ఒక్కో రోజు నాకు గుర్తు రాదు. శాలువా ఏ పెట్టెలో ఉందో తెలియదు. తాటిచెట్టు మాత్రం పోదు. గరుకు మాను మీద ఆయన చెంప ఆనించి ఉంది. కళ్ళు మూసుకున్నాడు. ఆయన వీపు మీద ఎవరో తెలియని ఆరుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, అందరూ ఒకే వైపు ఒరిగి, చెట్టు ఏదో చెబుతుంటే వింటున్నట్టు. మా కింద నుంచి నది పోతోంది. పడవ నిలిచే ఉంది.