పందొమ్మిదిన్నర అంగుళాల గొట్టం

ఎన్నో ఏండ్లుగా గొంతులో ఇరుక్కోని వుండే మాట ఇది. మింగలేను, కక్కలేను. ఈపొద్దు నీకు రాసి చెప్తా. నువ్వెవరో నాకు తెల్దు, అదే మంచిది. జాలి మాత్రం పడొద్దు, నాకు ఒళ్లు మండుతాది.

నేను లేతు మిషన్ మీద ఇనుప పని చేసేటోన్ని. ఇప్పుడు ప్రొద్దుటూర్లో వుండా, అప్పుడు పులివెందుల్లో షాపు. నా చెయ్యి పడితే పనికి తిరుగుండదని పేరు. ఆ పేరు చూసుకోని నాకు శానా పొగరు. లింగాల కాడ ఓబులేసు మామ అని చీనీతోట, అదే బత్తాయితోట, వుండే రైతు. ఆయన తోటలో బోరు మోటారు బాగుచేసిన రోజు వాళ్లింట్లోనే సంగటి తిన్నా. అడివిపందులు తోటలో పడకుండా ఆయనకు లైసెన్సు తుపాకి వుండేది. ఒకసారి గొట్టంలో మన్ను దూరింది చూసుకోకుండా పేల్చినాడంట, తుపాకి మూతి చీలింది. దాన్ని గోనెసంచిలో చుట్టుకోని నా కాడికొచ్చినాడు.

చీలినంత మేరకు కోసియ్యమన్నాడు. మా ఇద్దరికీ అదొక రిపేరే. బోరు పైపు కోసినట్టే కదా అనుకున్నాం. ఆయన పాపం, ఇరవై అంగుళాలకు తగ్గకూడదంటప్పా, చూసి కొయ్యి అని రెండుసార్లు చెప్పినాడు. ఎవురో చెప్పింటారు. సరేలే మామా, నాకు తెల్దా అన్నా.

చట్టమేందో తర్వాత ఒక లాయరును అడిగి తెలుసుకున్న. తుపాకుల చట్టం ఢిల్లీది. మన రాష్ట్రం చేసింది కాదు, కానీ లైసెన్సు ఇచ్చేది జిల్లాలోనే, పట్టుకునేది మన పోలీసులే. గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గకుంటే ఒక లెక్క, తగ్గితే ఇంకో లెక్క, వుండే లైసెన్సు దానికి పనికిరాదు. అసలు ఎంత కోసినా సరే, అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేసేదే నేరమంట. నేరం కోసినోడిది. ఆ మాట చెప్తాంటే ఆ లాయరు నా మొగం చూడలేదు, కాగితాలు సర్దుకుంటాండాడు. నేను బయటికొచ్చినా.

ఆపొద్దు కరెంటు లేదు. ఇనుప రంపం, అదే ఆక్సా బ్లేడుతో కోసినా. మొదటి కోత ఇరవైరెండు కాడ. సన్నంగా చీలిక ఇంకా కనపడతాండాది. రెండోది ఇరవైయొకటి కాడ, వంకర పోయింది. నా చెయ్యి వంకర పోయేదేంది? పట్టరాని కోపమొచ్చింది. మళ్లా కోసినా, ఆకురాయితో రుద్దినా, సాపు చేసినా. టేపు పెడితే పందొమ్మిదిన్నర. చూసినా. బాగా చూసినా. మామా, చెడగొట్టినా అని ఒక్క ముక్క చెప్పింటే ఏం పోయేది? నున్నగా చేసి చేతికిచ్చినా. ఆయన సంతోషంగా సంచిలో చుట్టుకోని పోయినాడు.

ఎలక్షన్లొచ్చినాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పల్ల గదా. ఊర్లో అందరికంటే ముందు ఓబులేసు మామే తీసకపోయి ఇచ్చినాడు. లైసెన్సు బుక్కులో ముప్పై అంగుళాలు, టేపులో పందొమ్మిదిన్నర. ఇంకేముంది, ఎవుర్ని ఏసెయ్యల్లని కోసినావు రా అని పట్టుకున్నారు. మన పక్క పొట్టి తుపాకి అంటే ఫ్యాక్షన్ తప్ప ఇంకో అర్థమే తోచదు. మనిషిని చంపాలనుకునేటోడు దాన్ని తానే తెచ్చి పోలీసోళ్ల బల్లమీద పెడతాడా? ఆ మాత్రం ఆలోచన ఒక్కడికీ లేకపాయె! వాళ్లను తిట్టేదానికి నేనెవర్ని లే.

కోసింది నేనని మామ చెప్తే నన్ను స్టేషనుకు పిలిపించినారు. ఆయన గోడకానుకోని కింద కూచున్నాడు. నన్ను చూస్తానే మొగం తేటపడింది.

"చెప్పప్పా, కోసింది నువ్వేనని సారుకు చెప్పు."

"ఈయప్ప ఎవురో నాకు తెల్దు సార్."

"ఏందప్పా? మా ఇంట్లో సంగటి తింటివి గదప్పా!"

"నేను మీ ఇల్లే ఎరగను."

ఎస్సై నన్ను పొమ్మన్నాడు. పోయినా.

మామకు మూడేండ్లు శిక్ష పడింది. ఆయన లోపలుండంగనే తోట ఎండిపాయె. బయటికొచ్చినాక ఊర్లో ఆయన్ని ఫ్యాక్షనోడు అంటాండారు. ఎవురిమీదా చెయ్యెత్తని మనిషిని! భయంతోనే చెప్పలేదా నేను? పిల్లలు చిన్నోళ్లు అని వందసార్లు చెప్పుకున్న. ఆయనకు పిల్లల్లేరా? నిజం చెప్తే భయం రెండోది. మొదటిది, నా కోత చెడిపోయిందని పదిమందిలో ఒప్పుకోవల్ల, అది నా వల్ల కాలేదు. దానికోసం ఒక మనిషిని జైలుకు పంపినా. థూ, ఏం బతుకు నాది!

పాస్టరుతో చెప్పుకోరాదా అంటావేమో. ప్రతి ఆదివారం చర్చికి పోతా. చెప్తే ఆయన ప్రార్థన చేసి, దేవుడు క్షమించినాడు పో అంటాడు. అంత సులభంగా ఎట్ల క్షమిస్తాడు? ఓబులేసు మామను అడిగినాడా? ఆ మాట వినబుద్ధి కాకనే పాస్టరుతో చెప్పుకోలేదు.

ఇంతా రాసి మళ్లా చదువుకున్న. ఓబులేసు మామ పేరుండాది, ఊరుండాది, ఆయన జైలుండాది. నా పేరు మాత్రం యాడా లేదు. మళ్లా ఆయన్నే ముందుకు తోసి నేను దాక్కున్న, చూసినావా? సిగ్గులేదు నాకు. అయినా ఒక్క ముక్క బయటపడినందుకు కొంచెం ఊపిరాడతాండాది. ఆ గొట్టం కోసింది ఓబులేసు మామ కాదు. నేను.