కాఫీకి ముందు రావలసిన కబురు

ఫోన్ ఎత్తగానే "ఏంటి విశేషాలు?" అని అడిగేవాళ్ళంటే నాకు పడదు. ఫోన్ చేసింది వాళ్ళు. విశేషం ఉంటే వాళ్ళ దగ్గరే ఉండాలి. నా దగ్గర ఉంటే నేనే చేసేదాన్ని కదా. ఈ సంగతి మా నాన్నకి చాలాసార్లు చెప్పాను. ఆయన బాపట్లలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషికి ఈ ఒక్క ప్రశ్న మానుకోవడానికి మనసొప్పలేదు.

నాకు సిజేరియన్ తప్పదని తొమ్మిదో నెలలో తెలిసింది. తెనాలిలో మేముండే వీధికి దగ్గర్లోనే ఆస్పత్రి. డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. బిడ్డ తల కిందికి తిరగలేదు. తల పైకి పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. మా అమ్మ లేదు కాబట్టి పురుడు పోసే బాధ్యత తీసుకుని రేపల్లె నుంచి వచ్చిన మా అత్తగారు ఆ బొమ్మని కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

"వాళ్ళ నాన్న కూడా అంతేనండి. ఒకచోట కూర్చుంటే లేవడు" అన్నారు.

సదరు నాన్న, అంటే మా ఆయన, పక్క కుర్చీలోనే ఉన్నారు. లేవలేదు.

నేను ఎమ్మెస్సీ జువాలజీ. కాలేజీలో కప్పల్ని కోసినదాన్ని, నాకు తెలియనిదేం ఉంటుందిలే అనుకున్నాను. కప్ప వైపు నుంచి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

వెన్నులో సూది వేశాక నడుం కింది భాగం నాది కాకుండా పోయింది. ఛాతీ దగ్గర పచ్చగుడ్డ అడ్డం కట్టారు. నొప్పి తెలియదు, లాగుతున్నట్టు మాత్రం ఉంటుందని ముందే చెప్పారు. అలాగే ఉంది. నా హ్యాండ్‌బ్యాగులో అడుక్కి పోయిన తాళంచెవి కోసం ఎవరో వెతుకుతున్నట్టు. గుడ్డకి అవతల డాక్టరమ్మా, ఇవతల మత్తు డాక్టరు గారూ గోంగూర పచ్చడికి పచ్చిమిరపకాయలా, ఎండుమిరపకాయలా అన్నది తేల్చుకుంటున్నారు. అది తేలేలోపే పాప బయటికొచ్చి ఏడ్చింది. తీయడానికి పట్టింది కొద్ది నిమిషాలే. కుట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది. కోసిన పొరలన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ రావాలట. మిరపకాయల విషయం తేలినట్టు లేదు.

ఆస్పత్రి ఆయమ్మ బయటికెళ్ళి పాప అని చెప్పింది. అప్పుడు ఎవరేమన్నారో తర్వాత మా ఆయన చెప్పారు. అత్తగారు "ఆడపిల్లా. సర్లే, ఇద్దరూ క్షేమం, అదే పదివేలు" అన్నారట. మామగారు దేవుడికి స్తోత్రం అన్నారట, బస్సులో టిక్కెట్టు అడిగినట్టు. బాపట్లకి ఫోన్ చేస్తే మా నాన్న "మంచిది. విశేషాలేమైనా ఉంటే చెప్పండి" అన్నారట.

అసలు విశేషం రెండో రోజు నుంచి మొదలైంది.

ఆపరేషన్ అయ్యాక పేగులు కొంతసేపు నిద్రపోతాయి. అవి లేచాయనడానికి గుర్తు ఒక్కటే. గ్యాస్ పోవాలి. అది పోయేదాకా గుక్కెడు నీళ్ళు తప్ప ఇంకేమీ లేదన్నారు. కాఫీ లేదు. పొద్దున్నే కాఫీ పడకపోతే నేను మనుషుల లెక్కలోకి రాను. అది మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న విషయం.

నర్సమ్మ గంటకోసారి వచ్చి "పోయిందామ్మా?" అని అడిగేది. ఆవిడకి మొహమాటం లేదు. మొహమాటమంతా మావాళ్ళకే వచ్చింది. మా నాన్న జన్మలో ఆ మాట నోటితో అనలేదు. పొద్దునే ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, "అమ్మా, పరిస్థితి ఏమన్నా అనుకూలించిందా?" అన్నారు. మధ్యాహ్నం "కబురేమన్నా అందిందా?" అన్నారు. సాయంత్రానికి మాటలు అయిపోయి, ఊరికే "అమ్మా" అని ఆగారు.

"ఇంకా లేదు నాన్నా" అన్నాను.

మా ఆయన చుట్టాల గ్రూపులో "ఇంకా లేదు" అని పెట్టారు. దానికి పదకొండు మంది దణ్ణం బొమ్మలు పెట్టారు.

మూడో రోజు పొద్దున నా పొట్ట, పాప లోపల ఉన్నప్పటికంటే పెద్దదైంది. డాక్టరమ్మ వేలితో తట్టి చూశారు. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"సాయంత్రం దాకా చూద్దాం. కాకపోతే ఎక్స్‌రే తీయించి, అవసరమైతే ముక్కులోంచి గొట్టం వేద్దాం. మీరు మాత్రం నడవాలి. నిటారుగా నడవండి, కుట్లు ఊడవు. బబుల్‌గమ్ కూడా నమలండి."

"బబుల్‌గమ్మా?" అన్నారు అత్తగారు.

"అవునండి. నములుతుంటే తిండి వస్తోందనుకుని పేగులు కదులుతాయి."

కోతకి భయపడని నేను ఆ గొట్టానికి భయపడ్డాను. ముక్కులో గొట్టంతో పాపని పక్కలో ఎలా వేసుకోవాలో, పాలెలా ఇవ్వాలో నా జువాలజీ ఎక్కడా చెప్పలేదు. అందుకని బబుల్‌గమ్ నములుతూ, ఆయమ్మ భుజం పట్టుకుని వరండాలో నడిచాను. చెవుల్లో దూది, తలకి ఉన్ని స్కార్ఫ్, నోట్లో బబుల్‌గమ్.

"బాలింత బబుల్‌గమ్ నమలడం మా రేపల్లెలో చూళ్ళేదమ్మా" అన్నారు అత్తగారు, వెనకే నడుస్తూ. "బుడగలు మాత్రం ఊదమాక. ఎవరన్నా చూస్తారు."

నవ్వొచ్చింది. సిజేరియన్ అయిన మనిషికి నవ్వు రావడమంటే ఏంటో అప్పుడు తెలిసింది. కుట్లన్నీ ఒక్కసారి నా మీద ఫిర్యాదు చేశాయి. దగ్గినా, నవ్వినా దిండు పొట్టకి అదిమి పట్టుకోమని నర్సమ్మ నేర్పింది. అప్పట్నుంచి దిండు లేకుండా మా అత్తగారి దగ్గరికి వెళ్ళలేదు.

మూడున్నరకి మామగారు రేపల్లె నుంచి చర్చి అయ్యగారిని వెంటబెట్టుకొచ్చారు. పెద్దాయన, నెమ్మదస్తుడు. బైబిలు చంకలో పెట్టుకుని "ఏంటమ్మా ఇబ్బంది?" అని అడిగారు. మామగారు కిటికీలోంచి కొబ్బరిచెట్టు చూశారు. మా ఆయన ఫోన్ చూసుకున్నారు. చివరికి ఆయమ్మే చెప్పింది, ఒక్క ముక్కలో.

అయ్యగారు గంభీరంగా తలూపి, కళ్ళు మూసుకున్నారు. అందరం మూసుకున్నాం. నేను దిండు పట్టుకున్నాను.

"ప్రభువా, ఈ నీ కుమార్తె లోపల నిలిచియున్నదానిని నీ సమయమందు బయలుపరచుము" అన్నారు.

మామగారు కళ్ళు తెరవకుండానే మెల్లగా, "సమయం సాయంత్రం దాకేనండి అన్నారు డాక్టరమ్మ" అని గుర్తుచేశారు.

అయ్యగారు వెంటనే సవరించారు. "సాయంకాలమునకు ముందే, ప్రభువా" అన్నారు.

దిండు చాలలేదు. పళ్ళు బిగించాను, పెదవి కొరుక్కున్నాను, పాప మొహం తలుచుకున్నాను. లోపల నవ్వు కుట్ల మీదుగా కిందికి దిగుతూ పోయింది. దిగి, ఎక్కడో దేన్నో నిద్రలేపింది. ఆ తర్వాత గదిలో వినబడిన శబ్దాన్ని ఇంతకంటే వివరించను. చిన్నది కాదు.

"ఆమెన్" అన్నారు మామగారు.

అందరూ ఆమెన్ అన్నారు. ఇక ఆ గదిని పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. మా అత్తగారు నా బుగ్గలు రెండూ పట్టుకుని "నా తల్లే, నా బంగారుకొండే" అన్నారు. ఆ మాట పెళ్ళయ్యాక వినడం అదే మొదటిసారి. మా ఆయన కుర్చీలోంచి లేచి మరీ బాపట్లకి ఫోన్ చేశారు. అవతల మా నాన్న ఈసారి గొంతు కూడా సవరించుకోలేదు. "ఎంత చల్లని మాట చెప్పారు అల్లుడు గారూ" అన్నారు. గ్రూపులో పూలు, చప్పట్లు మొదలయ్యాయి. మామగారు అయ్యగారికి రెండు చేతులూ జోడించి, కిందికెళ్ళి కేజీ లడ్డూలు తెచ్చి, పక్క గదులవాళ్ళకి కూడా పంచారు. ఏం సందర్భమని వాళ్ళడిగితే "మా కోడలికి బాగయింది" అన్నారు. డాక్టరమ్మ వచ్చి, పొట్ట తట్టి చూసి, గొట్టం అక్కర్లేదు, కాఫీ తాగొచ్చన్నారు. స్టీలు గ్లాసులో, నురగతో వచ్చింది.

నేను మొదటి గుక్క తాగుతుంటే ఆయమ్మ ఉయ్యాల్లోంచి పాపని తీసి, గుడ్డ మార్చి, నా పక్కలో పడుకోబెట్టింది. అత్తగారు ఆమె చేతిలో లడ్డూ పెట్టారు. ఆయమ్మ ఆ లడ్డూని కాసేపు చూసి, గదిలో అందర్నీ ఒకసారి చూసింది.

"పాప పుట్టిందని నేనొచ్చి చెప్పినప్పుడు మీలో ఒక్కళ్ళూ ఇంత సంబరపడలేదండి" అంది.